214 నంబరు తాళం

ఇంతవరకు ఎవరికీ చెప్పని సంగతి ఒకటుంది. రోజూ డ్యూటీ నుంచి ఇంటికి రాగానే నేను బాత్రూంలోకి వెళ్ళి, నల్లా పూర్తిగా తిప్పి, బకెట్లో నీళ్ళు పడే చప్పుడు మాటున మా ల్యాబు అక్కలా మాట్లాడేదాన్ని. "ఏయ్, ఎవరది లైన్ల నడుమ జొర్రింది? సూది నీకే మొదలు గుచ్చుత, రా!" అని అద్దంలోకి చెయ్యి ఊపేదాన్ని. బయటి నుంచి అమ్మ "నీళ్ళన్నీ ఒడిసిపోతున్నయే, ఎంతసేపు?" అని తలుపు కొట్టగానే నోరు మూసుకుని, మళ్ళీ నేనైపోయి బయటికి వచ్చేదాన్ని.

మళ్ళీ నేను అంటే, ఏం మాట్లాడినా ఎదుటివాళ్ళతో "ఆ? ఏంది?" అనిపించుకునే మనిషిని. బస్సులో టికెట్ అడిగినా అంతే, కిరాణా కొట్లో సబ్బు అడిగినా అంతే. రెండోసారి గట్టిగా అడగలేక వేరే సబ్బు తెచ్చుకున్న రోజులున్నాయి.

గోదావరిఖనిలో ఒక చిన్న డయాగ్నస్టిక్ సెంటర్లో నేను రిపోర్టులు టైపు చేస్తాను. అక్క రక్తం తీస్తుంది. నాకంటే పదేళ్ళు పెద్దది. రోజూ రామగిరి వైపు నుంచి బస్సులో వస్తుంది, వస్తూనే బస్సులో జరిగిన కొట్లాట మొత్తం చెబుతుంది. వాళ్ళాయన బొగ్గు బాయిలో పనిచేస్తాడు, వాళ్ళత్త వాళ్ళతోనే ఉంటుంది. ఇవన్నీ ల్యాబుకు వచ్చే ప్రతి పేషెంటుకూ తెలుసు. సూది గుచ్చేముందు అక్క తన ఇంటి సంగతి ఏదో ఒకటి మొదలుపెడుతుంది. అది తేలేలోపు గొట్టం నిండిపోతుంది. పేషెంటు మాత్రం దూది అదిమి పట్టుకుని, "తర్వాత మీ అత్త ఏమన్నది?" అని అక్కడే నిలబడిపోతాడు.

ఆ మాటలన్నీ నేను సాయంత్రం డైరీలో రాసుకునేదాన్ని. ఒక్కటి కూడా పోనివ్వకుండా.

డైరీ ఒకప్పుడు నోటుబుక్కులోనే ఉండేది. మాది కంపెనీ క్వార్టరు, రెండు గదులు. దాచుకోవడానికి బియ్యం డబ్బా అడుగు తప్ప చోటు లేదు. ఒక ఎండాకాలం సెలవుల్లో చెల్లెలు ఆ పుస్తకం పట్టుకుని మేనత్త పిల్లల ముందు మంచమెక్కి నిలబడి చదివింది. "ఇయ్యాల వాన పడ్డది. నా మనసుకు ఏదో అయితాంది" అని దీర్ఘాలు తీసి చదువుతుంటే పిల్లలందరూ నేలమీద దొర్లారు. అప్పటి నుంచి నాకు తాళాల మీద భక్తి పుట్టింది.

అసలు తాళాన్ని మా ల్యాబు సారే చూపించారు. ఒకసారి ఒకరి రిపోర్టు ఇంకొకరికి మెయిల్లో వెళ్ళింది. వాళ్ళు వచ్చి కౌంటరు దగ్గర గొడవ చేశారు. సారు మర్నాడు, "ఉచితంగ దొరికే సాఫ్ట్‌వేర్ ఏదో ఉందంట, ఫైళ్ళకు, మెయిల్‌కు తాళం వేస్తదంట. నువ్వు జర చదివి పెట్టు" అన్నారు. చదవమని నాకు చెప్పడమంటే, ఆకలిగా ఉన్నవాళ్ళకు వడ్డించడమే. దాని మాన్యువల్ ప్రింటు తీసుకుని నవల చదివినట్టు చదివాను. బస్సులో చదివాను, అన్నం తింటూ చదివాను. ఆ సాఫ్ట్‌వేర్‌ను ఎలా తయారుచేశారో ఆ లోపలి రాతంతా లోకం ముందు పరిచే ఉందట. ఎవరైనా చదవొచ్చట. అంతా తెరిచి పెట్టి కూడా గుట్టు దాచగలదట! అది చదివిన రోజు నాకు ఎందుకో గంతులు వెయ్యాలనిపించింది. వేశాను కూడా, బాత్రూంలో.

అక్కకు నేనే నేర్పించాను. "నీకొక తాళంకప్ప, ఒక తాళంచెవి ఉంటయి అక్కా. కప్పలు ఎన్నైనా పంచొచ్చు. నాకొకటి, సారుకొకటి. ఎవరన్నా నీ కప్పతోని పెట్టెకు తాళం వేసి నీకు పంపుతరు. తీసేది మాత్రం నీ దగ్గరున్న చెవొక్కటే. వేసినోళ్ళు కూడ మళ్ళ తియ్యలేరు."

"వేసినోళ్ళు కూడ?"

"వాళ్ళు కూడ."

"అయితే మా అత్త బీరువా కంటె మంచిగున్నది" అంది అక్క.

తాళానికి ఒక పేరు పెట్టాలి. అసలు పేర్లు వద్దన్నారు సారు. అక్క క్షణం కూడా ఆలోచించలేదు. "మా ఆయన ల్యాంపు నంబర్ పెట్టు. రెండువందల పద్నాలుగు."

నా చేతులు కీబోర్డు మీద ఆగిపోయాయి. రెండువందల పద్నాలుగు మా బాపు నంబరు!

బాయిలోకి దిగేవాళ్ళు ముందు ల్యాంపు రూంలో టోకెన్ ఇచ్చి, టోపీకి పెట్టుకునే దీపం తీసుకుంటారు. ఎవరి నంబరు దీపం వాళ్ళదే. బాపు ఇరవై ఏళ్ళకు పైగా 214 దీపంతో దిగాడు. మా ఇంట్లో టిఫిన్ డబ్బా మీద 214, గొడుగు పిడి మీద 214, తువ్వాలు అంచుకు దారంతో కుట్టిన 214. నా స్కూలు కంపాస్ డబ్బా మీద కూడా బాపు మేకుతో గీకి పెట్టిన 214 ఉండేది. తర్వాత ఆయన వేరే బాయికి బదిలీ అయ్యాడు, అక్కడ 608 ఇచ్చారు. పాత బాయిలో ఖాళీ అయిన 214 దీపం అక్క భర్త తలమీదికి వెళ్ళిందన్నమాట.

ఈ సంగతి అక్కకు చెప్పాలనుకున్నాను. చెప్పడానికి నోరు తెరిచేసరికి ఒక పేషెంటు వచ్చాడు. తర్వాత ఎప్పుడూ చెప్పలేదు. నా తాళానికి మాత్రం బుద్ధిగా బాపు కొత్త నంబరు 608 పెట్టుకున్నాను.

చివరగా అక్క పాస్‌వర్డ్ పెట్టుకోవాలి. అది లేకుండా తాళంచెవి పనిచెయ్యదు. "నువ్వే ఏదన్న పెట్టి గుర్తుంచుకో పిల్లా, నేను మర్చిపోత" అంది. నేను మాన్యువల్ మొత్తం పూనినట్టుగా చెవులు మూసుకుని, "ఎవ్వరికీ చెప్పొద్దు, నాక్కూడ చెప్పొద్దు, ఎవరూ ఊహించని పెద్ద వాక్యం పెట్టుకో" అని ఉపన్యాసం ఇచ్చాను. నా బతుకులో నేనిచ్చిన ఒకే ఒక్క ఉపన్యాసం అది. ఆ ఉపన్యాసమే తర్వాత నా మెడకు చుట్టుకుంది.

ఇంట్లో కంప్యూటరులో కూడా ఇవన్నీ పెట్టుకుని అక్కతో మెయిళ్ళు సాధన చేశాను. అక్క నాకు పంపిన మొట్టమొదటి రహస్య మెయిలుకు ఎంతో గౌరవంగా నా తాళంచెవి తిప్పి, పాస్‌వర్డ్ కొట్టి తెరిచాను. లోపల "తిన్నవా?" అని ఉంది. నేను కూడా తాళం వేసి "తిన్న" అని పంపాను.

ఇక డైరీ. ప్రతి నెలా ఒక ఫైలు. నెల చివర డెస్క్‌టాప్ మీద నేను రాసి పెట్టుకున్న ఒక చిన్న ఆజ్ఞను రెండుసార్లు నొక్కితే చాలు, ఆ నెల డైరీకి తాళం పడుతుంది, తాళం లేని అసలు ఫైలు మళ్ళీ దొరకకుండా చెరిగిపోతుంది. తాళం వేసేటప్పుడు అది పాస్‌వర్డ్ అడగదు, తీసేటప్పుడే అడుగుతుంది. చెల్లెలు పక్కనే కూర్చుని చూస్తున్నా నాకు భయం లేదు. "ఏందక్కా, అన్నీ పిచ్చి అక్షరాలున్నయి?" అనేది. "అది నా మనసే, ఏదో అయితాంది" అనేదాన్ని.

అలా ఏడు నెలలు హాయిగా నడిచింది. నేను రాసుకున్నది వెనక్కి చదివే మనిషిని కాదు కాబట్టి ఒక్కసారి కూడా తెరవలేదు.

ఒక ఆదివారం పొద్దున, ముసురు పట్టి ఉంది. ఒక మీసాల ముసలి కాక సూదికి భయపడితే అక్క అన్న మాట ఒకటి గుర్తొచ్చి, సరిగ్గా ఎలా అందో చూసుకోవాలనిపించింది. ఆ నెల ఫైలు తెరవబోయాను. రహస్య తాళంచెవి లేదు, అంది కంప్యూటరు.

లేకపోవడమేమిటి? ఇంకో నెల ఫైలు నొక్కాను. లేదు. కంప్యూటరు ఆపి మళ్ళీ వేశాను. లేదు. నా పాస్‌వర్డ్ తప్పు కొడుతున్నానేమో అనుకుందామంటే, అసలు అది పాస్‌వర్డే అడగడం లేదు. అక్క పంపిన "తిన్నవా?" మాత్రం టక్కున తెరుచుకుంది. అంటే నా తాళంచెవి బాగానే ఉంది. ఏడు నెలల డైరీ మాత్రం నన్ను ఎరగనట్టు చూస్తోంది.

మాన్యువల్ మళ్ళీ తీశాను. ఒక పెట్టెకు ఎవరి తాళం పడి ఉందో తెరవకుండానే చెప్పే ఆజ్ఞ ఒకటుంది. అది కొట్టాను. సమాధానం ఒక్క వరుసలో వచ్చింది. ల్యాంపు 214.

డెస్క్‌టాప్ మీది నా చిన్న ఆజ్ఞను తెరిచి చూశాను. ఎవరి తాళం వెయ్యాలో రాసే చోట నా చేతులతో నేనే 214 అని రాసి పెట్టాను. కంపాస్ డబ్బా నాటి నుంచి నాది అంటే 214 అని అలవాటు పడ్డ చేతులు, ఏం చేస్తాయి! ఏడు నెలల పాటు అక్క గురించి దొంగచాటుగా రాసి, అక్క తాళమే వేసి, అసలు చెరిపేసి కూర్చున్నాను.

నాకు నవ్వొచ్చింది. భయం కూడా వేసింది, కానీ నవ్వే ముందు వచ్చింది. నోరు మూసుకుంటే ఎక్కిళ్ళు వచ్చాయి. బాపు మంచం మీద నుంచి, "ఏందే, ఒక్కదానివే నవ్వుతున్నవ్?" అన్నాడు.

"బాపూ, నీ ల్యాంపు నంబరెంత?"

"రెండువందల పద్నాలుగు."

"అది పాతది కదా?"

బాపు తల గోక్కున్నాడు. "అవ్ గదా. ఇప్పటికీ ల్యాంపు రూంల గదే చెప్త. ఆ ల్యాంపు పిలగాడు రోజూ మొత్తుకుంటడు, కాకా నీది ఆరువందల ఎనిమిది, ఇంకెన్నేండ్లు చెప్పాలె నీకు అని."

ఇది మా వంశంలోనే ఉందని తెలిసి కాస్త ఊరట కలిగింది.

కానీ ఆ ఊరట ఎంతోసేపు నిలవలేదు. ఆ డైరీలో ఏముందో నాకే తెలుసు. అక్క కూరలో ఉప్పు గురించి ఉంది. అక్క నడక గురించి, నవ్వితే కనిపించే పక్క పన్ను గురించి ఉంది. వాళ్ళత్తను అనుకరించే తీరు, ఒకరోజు స్టోర్ రూంలో ఒక్కతే ఏడ్చి, ముఖం కడుక్కుని బయటికొచ్చి జోకు వేసిన తీరు ఉంది. చదివితే అక్క నాతో మళ్ళీ మాట్లాడుతుందా? నాతో వరసగా పది మాటలు మాట్లాడే మనిషి ఊరు మొత్తం మీద ఆమె ఒక్కతే. అడగకపోతే ఏడు నెలలు పోయినట్టే. అడిగితే అక్కే పోవచ్చు. సాయంత్రం నల్లా తిప్పి, "అక్కా, ఒక చిన్న పని ఉండె" అని ఇరవైసార్లు నా గొంతుతోనే సాధన చేశాను. ఒక్కసారీ బకెట్ చప్పుడును దాటలేదు.

సోమవారం మధ్యాహ్నం శాంపిళ్ళన్నీ అయిపోయాక, నాలుగు గంటల బస్సుకు ఇంకా టైముండగా, ఆ ఫైళ్ళు, తాళం వేసే నా ఆజ్ఞ ఎక్కించిన పెన్‌డ్రైవు పట్టుకుని అక్క కుర్చీ పక్కన నిలబడ్డాను. "ఆ? ఏంది?" అంది అక్క. రెండోసారి చెప్పాను. మూడోసారికి అర్థమైంది.

"అంటే నీ పెట్టెకు నా తాళం వేసుకున్నవా? నాకే పాఠం చెప్పినవ్ గదనే! ఏముంది గిండ్ల?"

"వంటలు."

"ఏడు నెలల వంటలా? ఒక్కనాడన్న ఇంత కూర తెచ్చి పెట్టినవా పిల్లా?"

పెన్‌డ్రైవును ల్యాబు కంప్యూటరుకు గుచ్చాను. మొదటి ఫైలు నొక్కాను. ఏమీ జరగలేదు. ఇద్దరం తెర వైపు చూస్తూ కూర్చున్నాం. ఒక నిమిషం. మూడు నిమిషాలు. అక్క మౌస్ పట్టి బల్లకు కొట్టింది. "హ్యాంగైంది. నీ వంటలకు కడుపు నొచ్చినట్టుంది." మాన్యువల్ చివరి పేజీల్లో చదివింది అప్పుడు గుర్తొచ్చింది. తెరిచి ఉన్న కిటికీలన్నీ ఒక్కొక్కటే కిందికి దించాను. అన్నిటి వెనకాల, పాస్‌వర్డ్ అడిగే చిన్న కిటికీ ఒక మూలన నిలబడి ఉంది, పాపం ఎప్పటి నుంచో.

"అగో, సిగ్గుపడుతుంది, నీ లెక్కనే!" అక్క పడీపడీ నవ్వింది. "చెవులు మూస్కో. నోటితోని చెప్పుకుంట కొట్టకపోతె నాకు రాదు."

మూసుకున్నాను. అయినా పెదవులు కదలడం కనిపించింది. చాలా పొడుగు వాక్యం. కొడుతుంటే ముఖం వెలిగిపోతోంది. చెవుల మీంచి చేతులు తీశాక చెప్పింది: "మా అత్తను తిట్టిన. నువ్వే గదా పెద్ద వాక్యం పెట్టుకోమన్నవ్. రోజూ రెండు మూడు సార్లు కొడ్త, పాణం సల్లగయితది."

ఫైలు తెరుచుకుంది. నేను చెయ్యి అడ్డం పెట్టేలోపే మొదటి వరుసలు అక్క కళ్ళబడ్డాయి.

"ఈ రోజు అక్క తెచ్చిన కూరలో ఉప్పు చేతికి దొరికినంత ఉంది. అందరం నీళ్ళు తాగుతూ తిన్నాం. తనే ముందు, 'ఇది బీపీ లేనోళ్ళు తినే కూర, ఉన్నోళ్ళు మజ్జిగ తాగి లేవుండ్రి' అంది."

అక్క నోరు మూతపడటం నేనెప్పుడూ చూడలేదు. అప్పుడు చూశాను. ఫ్రిజ్ మోగుతున్న చప్పుడు కూడా వినిపించింది.

"వంటలు కాదు" అన్నాను.

"కనవడుతనే ఉన్నది. డైరీయా?"

"ఊ."

"అంత నా గురించేనా?"

"మస్తు వరకు."

"మంచిగ రాసినవా, చెడ్డగ రాసినవా?"

"ఉన్నది ఉన్నట్టు రాసిన."

అక్క నా వైపు చాలాసేపు చూసింది. అప్పుడు ఆమె కుర్చీని గిర్రున తిప్పి, నాకు వీపు పెట్టి ఫ్రిజ్ వైపు ముఖం చేసి కూర్చుంది. "నేను చూడ. నీది నువ్వు తీస్కో జల్ది. డైరీ అంటే డైరీనే."

మిగతా ఆరింటికీ పాస్‌వర్డ్ మళ్ళీ అడగలేదు, ఇప్పుడే చెప్పావుగా అన్నట్టు వరసగా తెరుచుకున్నాయి. అన్నీ పెన్‌డ్రైవులోకి తీసుకున్నాను. ఈసారి 608 అని మూడుసార్లు చూసి, నా తాళం వేసే ఆజ్ఞ కూడా సరిచేశాను. అక్క తిరిగి చూడలేదు. కాకపోతే ఆమె కాలు ఊగుతూనే ఉంది. జడ చివర పట్టి తిప్పుతోంది. ఊరందరి కథలూ అడిగి చెప్పించుకునే మనిషి, తన గురించే రాసిన ఏడు నెలలు వెనకాల తెరిచి ఉండగా, ఫ్రిజ్ మీది ఐస్‌క్రీం స్టిక్కరు చూస్తూ కూర్చుంది.

"అయిపాయెనా?"

"అయింది."

ఇక తాళం వేసేసి లేస్తే సరిపోయేది. వేలు ఆ ఆజ్ఞ మీదే ఉంది. ఎక్కడి నుంచి వచ్చిందో, నా గొంతే అంది:

"అక్కా, ఒక పేజీ చదవనా?"

అక్క కాలు ఆగిపోయింది. "ఏ పేజీ?"

"మీసాల కాకది. సూదికి భయపడ్డడు చూడు."

"ఆయినా! ఆయిన సంగతి కూడ రాసినవా? చదువు చదువు."

చదవడం మొదలుపెట్టాను. కాక షర్టు చెయ్యి మడిచి, సిరంజి చూడగానే మళ్ళీ దించుకున్న దగ్గర నుంచి. "ముప్పై ఏండ్లు బాయిల పనిచేసినవ్, పైకప్పు పెళ్ళలు నెత్తిమీద రాలినా ఉరకలే, గింత సూదికి ఉరుకుతున్నవా కాకా?" అని అక్క అన్నది. "పెళ్ళ చెప్పి పడదు బిడ్డా, నువ్వు చెప్పి గుచ్చుతవ్" అని కాక అన్నాడు. నాకు తెలియకుండానే అక్క మాట అక్క గొంతులో, కాక మాట కాక గొంతులో వచ్చాయి, బాత్రూంలో వచ్చినట్టే, కానీ ఎంతో సన్నగా. ఎదురుగా అక్క భుజాలు కదిలాయి. నవ్వుతోందో, ఇంకేమిటో వీపు చూసి చెప్పలేకపోయాను. నాకు భయమేసి ఇంకా సన్నగా చదివాను. వరుస మధ్యలో ఆగాను కూడా.

అక్క కుర్చీ ఇటు తిప్పింది. కళ్ళనిండా నీళ్ళు, మూతి నిండా నవ్వు. గోడ గడియారం చూసింది. బస్సుకు పది నిమిషాలుంది. సంచీ ఒళ్ళోంచి తీసి నేలమీద పెట్టి, కుర్చీ నా దగ్గరికి జరుపుకుని అంది:

"గట్టిగ చదువు పిల్లా, ఇనవడ్తలేదు."